మూడు వరసల అవతల గోదారి

రేవులంక,
పి.గన్నవరం మండలం.
5-11-2023, ఆదివారం.

గౌరవనీయులైన జ్ఞానమ్మ వదినగారికి,

మీ కనకరత్నం చేతులు జోడించి రాసేదేమంటే, ఇక్కడ నేనూ, మా నాగసతీషూ, కోడలు విజయదుర్గా, పాడిగేదెతో సహా అందరం క్షేమం. అక్కడ మీరు వేళకి తింటూ, వేళకి పడుకుంటూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరంలో ముందు క్షేమం, తర్వాత కబుర్లు, అసలు సంగతి ఆఖర్న రాయాలని మీరు ఏడో తరగతిలో మా నాగసతీష్‌కి నేర్పేరు. వాడు మర్చిపోయేడు గానీ, పక్కన కూర్చుని విన్న నేను మర్చిపోలేదు. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకండి.

ఆదివారం ఆదివారం ఫోనులో మొహాలు చూసుకుంటూనే ఉన్నారు కదా, మళ్ళీ ఈ ఉత్తరాలేమిటని విజయదుర్గ నవ్వుతోంది. ఫోనులో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట పెట్టెలో ఉంటుందని మీరు పట్టుబట్టేరు కాబట్టి రాస్తున్నాను. స్టాంపులు ఎన్ని అంటించాలో కనుక్కుందామని నిన్న గన్నవరం పోస్టాఫీసుకి వెళ్ళేను. పోస్టుమాస్టరు గారు అడ్రసు రెండుసార్లు చదివి, వియత్నామా అండీ, అక్కడ మనవాళ్ళెవరున్నారండీ అన్నారు. మా సోషల్ టీచరు గారండీ, రాజుల కోట ఉన్న ఊళ్ళో మేడమీద అద్దెకుంటున్నారండీ అని గొప్పగా చెప్పేను. ఆ ఊరి పేరు పలకబోతే నోరు తిరగలేదు. కాగితం మీద వేలుపెట్టి చూపించేను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివేను. కోట చుట్టూ కందకం, కందకం నిండా తామరపూలు, ఊరి నడుమ నది. కిటికీ తీస్తే ఆ నది కనిపించే రెండు గదులకి మీరిచ్చే అద్దె మన అమలాపురంలో ఒక్క గదికి కూడా రాదన్నారు. మూడు నెలలకోసారి బస్సెక్కి లావోస్ సరిహద్దుకి వెళ్ళి, పాసుపోర్టు మీద ముద్ర కొట్టించుకుని రావాలన్నారు. మనం చిన్నప్పుడు గట్టు దాటి వెనక్కొచ్చి ఆడుకునేవాళ్ళం, అలాగుంది మీ సర్కారు ఆట. ఇక ఇంటావిడ లాన్ గారు పెట్టే అన్నం, చేపల పులుసు, కొబ్బరి, తెరిపి లేని వాన, ఏటేటా వరద అని రాసేరు. ఇవన్నీ ఇక్కడ లేకనా వదినగారూ, అంత దూరం వెళ్ళేరు?

వేళాకోళానికన్నాను. ఎందుకు వెళ్ళేరో నాకు తెలియదా? ముప్పై మూడేళ్ళు గోడ మీద మ్యాపు తగిలించి పిల్లలకి పాతకాలపు ఊళ్ళన్నీ బెత్తంతో చూపించేరు. ఒక్క ఊరూ చూడలేదు. ఇంట్లో మీ మాస్టారేమో నోటుబుక్కు పెట్టి, చౌకగా బతకగలిగిన పాత ఊళ్ళ పేర్లు పేపర్లలోంచి కత్తిరించి అంటించేవారు. లెక్కల మాస్టారు కదా, అద్దె ఇంత, బియ్యం ఇంత, మందులు ఇంత అని పక్కన గళ్ళు గీసేవారు. రిటైరయ్యేక ఇద్దరూ వెళ్ళి ఆ ఊళ్ళోనే ఉండిపోవాలనుకున్నారు. ఆయన పాసుపోర్టు పోస్టులో వచ్చేసరికి, ఆయన్ని సమాధిలో పెట్టి పదకొండు రోజులైంది. ఆ కవరు సంతకం పెట్టి తీసుకున్నది నేనే. మీ చేతికివ్వడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు మీరు ఆ సమాధిని వదిలి అమలాపురం దాటలేదు. రిటైరైన రోజున కూడా ఆ దండలన్నీ తీసుకెళ్ళి అక్కడే వేసేరు. పిల్లలా జెల్లలా, ఇంకెన్నాళ్ళిలా అని నేనే మిమ్మల్ని కసిరేను. ఆయన్ని ఒక్కరినీ వదిలి ఎలా వెళ్ళను వదినగారూ అని మీరు ఏడ్చేరు. మాస్టారు ఎక్కడికీ పోరు, నేనున్నాను చూసుకోడానికి, మీరు వెళ్ళండి అన్నాను. ఆ మాట మీద మీరు విమానం ఎక్కేరు. నేను అన్నమాట తప్పే మనిషిని కాను.

ఊళ్ళో వాగేవాళ్ళు వాగుతూనే ఉన్నారు లెండి. పింఛను పట్టుకెళ్ళి పరాయి దేశంలో తగలేస్తోంది, ముసలితనంలో ఇదేం పోయేకాలం అని బుచ్చమ్మ రేవు దగ్గర అందట. నీ కొడుకు నిన్ను రాజోలు కూడా తీసుకెళ్ళలేదు, నీకెందుకే ఆ బాధ అని గట్టిగా పెట్టేను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఎరుగుదురు కదా.

మొన్న రెండో తారీఖున సమాధుల పండగ బాగా జరిగింది. నాలుగు రోజుల ముందే కుండలో సున్నం నానబెట్టేను. నీలిమందు కలిపి, మీరిచ్చిన కుంచెతోనే మూడు పూతలు వేసేను. పేరు మీద నల్లరంగు నాగసతీష్ దిద్దేడు. బంతిపూలు మా పెరట్లోవే. కొవ్వొత్తులు మీరు చెప్పినట్టే పన్నెండు. రాజ్ కుమార్ పాస్టరు గారు ప్రార్థన చేసి, అమ్మా, మీరు మా సంఘంలో పేరు రాయించుకోకపోయినా పని మాత్రం సంఘంలో అందరికన్నా ఎక్కువ చేస్తున్నారని నవ్వేరు. మా మామగారి తండ్రిగారు మీ వాళ్ళకి రాసిచ్చిన స్థలమండీ ఇది, మా ఇంటి మనిషి రావడంలో వింతేముందండీ అన్నాను. ఫొటో ఫోనులో పంపేను. మాస్టారు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని బడికి బయల్దేరినట్టున్నారు.

పెద్దల దీవెన మీ మీద ఉండాలని కోరుతూ,
మీ
కనకరత్నం

తా.క. గోదారి ఈ వరదకి ఒక వరస కొబ్బరిచెట్లు కోసుకుపోయింది. సమాధులకీ ఏటికీ మధ్య ఇంకా మూడు వరసలున్నాయి. ఏడాదికి ఒక వరస అని మాస్టారు వేసిన లెక్క ఇన్నేళ్ళూ తప్పలేదు. మూడేళ్ళలో ఏరు అవతలి ఒడ్డుకి తిరుగుతుందని పెద్దలంటున్నారు. దాని గురించి మీరేం బెంగ పెట్టుకోకండి.

*

రేవులంక,
10-11-2024, ఆదివారం.

గౌరవనీయులైన జ్ఞానమ్మ వదినగారికి,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ ఆరోగ్యం జాగ్రత్త. మోకాళ్ళకి నల్లేరు వేసి కాచిన నూనె పంపుదామంటే విమానంలో నూనెలు పంపనివ్వరట.

ఈ ఏడు ఉత్తరం రాయడం ఆలస్యమైంది. వరద వచ్చింది, వెళ్ళింది. మాకు అలవాటే కదండీ. వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచేయి. గేదెని గట్టు మీదికి తోలేం. కొబ్బరి ధర కాస్త పెరిగింది. విజయదుర్గకి నెల తప్పింది. ఆడపిల్ల పుడితే మీ పేరు పెడతానంటోంది. మన ఇళ్ళలో ఆ పేరు పెట్టుకోరే అంటే, ఎందుకు పెట్టుకోరు, బాగుంటుంది అంది.

సమాధుల పండగ జరిగింది. సున్నం వేసేం, కొవ్వొత్తులు వెలిగించేం. ఫొటో పంపేను కదా. వెనక కొబ్బరిచెట్లు బాగా దగ్గరికి వచ్చేసినట్టున్నాయేమిటని అడిగేరు. ఫోను కొత్తది, అలాగే తీస్తుంది లెండి.

మీ పెద్ద ఉత్తరం అందింది. వాళ్ళ సంవత్సరాదికి ముందు ఇంటిల్లిపాదీ వెళ్ళి పెద్దల సమాధుల మీద గడ్డి పీకి, కడిగి, అగరొత్తులు వెలిగిస్తారని రాసేరు. లాన్ గారు పిలిస్తే మీరూ వెళ్ళి, ముక్కూమొహం తెలియని మనుషుల సమాధుల చుట్టూ గడ్డి పీకేనన్నారు. ఇక్కడ వీళ్ళవి నేను చూస్తున్నాను, అక్కడ మావి మా వదినగారు చూస్తున్నారు, దేవుడు ఎవరి బాకీ ఎవరిచేత తీర్పిస్తాడో అని రాసేరు. ఆ ముక్క దగ్గర నేను చదవడం ఆపేసి గేదెకి మేత వెయ్యడానికి వెళ్ళేను.

బడిలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నానని, ఆరేళ్ళ తర్వాత ఇప్పుడే రాత్రి పడుకుంటే తెల్లారేదాకా నిద్ర పడుతోందని కూడా రాసేరు. అదే నాకు చాలు. నిద్ర పోండి వదినగారూ.

మీ
కనకరత్నం

తా.క. ఫోనులో మొహం చూసే కాల్ ఇక చెయ్యకండి. ఆ బొమ్మ వచ్చే సంగతి పాడైంది. నాగసతీష్‌ని బాగుచేయించమంటే ఇదిగో అదిగో అంటున్నాడు. ఉత్తరాలే రాసుకుందాం. మీకూ అదే ఇష్టం కదా.

*

రేవులంక,
14-9-2025, ఆదివారం.

గౌరవనీయులైన జ్ఞానమ్మ వదినగారికి,

మీ కనకరత్నం నమస్కారం. మేమంతా క్షేమమే. విజయదుర్గకి పుట్టిన పిల్లకి ఇప్పుడు నాలుగో నెల. బారసాలకి మీరు పంపిన పట్టుగుడ్డ అందింది. మీ పేరు పెట్టేం. పంతులు గారు జ్ఞానేశ్వరి అని రాసుకున్నారు, ఇంట్లో పిలుపు జ్ఞానమ్మే. రోజుకి పదిసార్లు మీ పేరు పెట్టి పిలుస్తాను, ఏడుపు మానమని.

మీ ఉత్తరం నిన్న కాక మొన్న వచ్చింది. అక్టోబరు ఇరవయ్యెనిమిదికి టిక్కెట్టు చూస్తున్నాననీ, ఈ నెలాఖరుకి కొనేస్తాననీ రాసేరు. ఈ ఏడు సమాధుల పండక్కి మాస్టారికి నా చేత్తో నేనే సున్నం వేస్తాను, మీరు కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి అన్నారు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఇంకెన్నాళ్ళో తెలియదు, ఆయన పక్కన నాకు ఉంచిన చోటు ఒకసారి చూసుకుని, పాస్టరు గారితో కాగితం రాయించుకుని వెళ్ళిపోతాను, ఇక ఎక్కడ బతికినా నాకు భయం లేదు అన్నారు.

వదినగారూ, ఈ ఏడు రాకండి.

రావద్దనడానికి నాకు నోరెలా వచ్చిందని కోప్పడకండి. కారణాలు చెబుతాను. ఒకటి, వరద ఇంకా పూర్తిగా తియ్యలేదు. కాజ్‌వే మీద నీళ్ళు ఆడుతున్నాయి, పడవ ఎక్కాలి. మీ మోకాళ్ళతో పడవ దిగి బురదలో నడవలేరు. మొన్న బుచ్చమ్మ అక్కడే జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం ఉన్నా ఆ మూలుగు విన్లేకపోయేను. ఇంకొకటి, మీ ఇంటి పైకప్పు కారుతోంది. నాగసతీష్ బాగుచేయిస్తానన్నాడు గానీ మేస్త్రీలు దొరకడం లేదు. మా ఇంట్లో ఉండచ్చు, కానీ పసిపిల్ల ఏడుపుతో మీకు నిద్రుండదు. తుఫాన్ల రోజులు కూడా. వచ్చే ఈస్టరుకి రండి, ఎండ కాస్తుంది, నడవడానికి బాగుంటుంది.

ఇవన్నీ మళ్ళీ చదువుకుంటే నాకే సిగ్గేస్తోంది. నడుము లోతు నీళ్ళలో బడికి నడిచొచ్చి పరీక్షలు పెట్టిన మనిషికి నేను బురద గురించి చెబుతున్నాను.

మీ ఉత్తరంలో ఇంకొక సంగతి రాసేరు. లాన్ గారి నాన్నగారి సంగతి. ఆయన చేపలు పట్టుకునే మనిషట, ఆవిడ చిన్నప్పుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదట. శవం దొరకలేదట. అలాంటివాళ్ళకి ఆ తీరంలో మట్టితో మనిషి బొమ్మ చేసి, పెట్టెలో పెట్టి, అసలు మనిషికి చేసినట్టే అన్నీ చేసి సమాధి కడతారట. గాలి సమాధి అంటారట దాన్ని. లాన్ గారు మిమ్మల్ని బస్సులో ఆ ఊరు తీసుకెళ్ళి చూపించేరట. లోపల ఏమీ లేదని తెలిసీ, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు గడ్డి పీకిందనీ, నాన్నతో గట్టిగా కబుర్లు చెప్పిందనీ, నవ్విందనీ రాసేరు. నేను కూడా ఆవిడ పక్కన కూర్చుని పీకేను వదినగారూ, ఏమీ లేనిచోట కూర్చున్నట్టు నాకనిపించలేదు అన్నారు.

ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివేనో లెక్క లేదు. కాగితం మడత దగ్గర చిరిగింది.

సరే, ఇంకేముంది రాయడానికి. గేదె ఈనింది. పాలు కావలసినన్ని ఉన్నాయి, తాగేవాళ్ళే లేరు. మీ పెరట్లో కరివేపచెట్టు నా ఎత్తు దాటింది. ఒంట్లో జాగ్రత్త. లాన్ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడకి నేనెవరో తెలియకపోయినా చెప్పండి.

మీ రాక కోసం కాక, మీ క్షేమం కోసమే చూసే
మీ
కనకరత్నం

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, జిగురు కూడా రాసేను. మళ్ళీ తీసేను. అసలు సంగతి ఆఖర్న రాయాలని మీరే నేర్పేరు కదా. ఏడాది పైగా ఆఖరుదాకా వచ్చి ఆగిపోతున్నాను. ఇవాళ రాస్తాను. మీరు కూర్చుని చదవండి. పక్కన లాన్ గారిని ఉండమనండి.

మాస్టారి సమాధి లేదు వదినగారూ. పోయిన ఏడాది ఆషాఢం వరదలో ఏట్లో కలిసిపోయింది.

ఆయనది ఒక్కటే కాదు. మీ అత్తగారిదీ, చిన్నాడబిడ్డదీ, మొత్తం సమాధుల తోటే పోయింది. మూడు వరసల చెట్లున్నాయని రాసేను చూడండి, ఆ మూడూ నాలుగు రోజుల్లో పోయేయి. వరసకి ఏడాది అన్న మాస్టారి లెక్క అన్నేళ్ళూ నిలబడి, ఆయన దగ్గరికి వచ్చేసరికి తప్పింది. నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ. ఆయన శిలువ ముందుకి ఒరిగింది. పరిగెత్తుకెళ్ళబోతే పడవ రాఘవులు నా జబ్బ పట్టుకుని, అమ్మగారూ, కాళ్ళ కింద నేల కదులుతోందండీ, వెనక్కి రండీ అని లాక్కొచ్చేడు. వెనక్కి తిరిగి చూసేసరికి అక్కడ ఎర్రనీళ్ళే ఉన్నాయి. ఒక్క పెచ్చు కూడా నాకు దక్కలేదు. సున్నం కుంచె ఇంట్లో ఉండబట్టి అదొక్కటి మిగిలింది.

ఇది వరద చేసిన తప్పయితే మీకు అప్పుడే రాసేదాన్ని. ఇది నేను చేసిన తప్పు. ఆ ఏడు వేసవిలో రాజ్ కుమార్ పాస్టరు గారు అందరికీ కబురు చేసేరు. ఏరు దగ్గరికొస్తోంది, రోడ్డు పక్కన కొత్త స్థలం చూసేం, కావలసినవాళ్ళు తమవాళ్ళని జూన్‌లోపల అక్కడికి మార్పించుకోండి, ఇంటివాళ్ళు వచ్చి నిలబడాలి అన్నారు. ఆరు కుటుంబాలు మార్పించుకున్నాయి. మీకు రాయమని కాగితం నా చేతికే ఇచ్చేరు. ఆ వారంలోనే మీ ఉత్తరం వచ్చింది, కిటికీ దగ్గర కూర్చుని చాలా ఏళ్ళ తర్వాత పాట పాడుకున్నానని. ఇప్పుడు పిలిస్తే పరిగెత్తుకొస్తుంది, వస్తే మళ్ళీ ఆ సమాధి పక్కనే కూలబడిపోతుంది, ఇక కదలదు అనుకున్నాను. ఏటిగట్టు మీదికి వెళ్ళి చెట్లు లెక్కపెట్టేను. మూడు వరసలున్నాయి. మూడేళ్ళ టైముంది, వచ్చే ఏడు చెబుదాంలే అనుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఆ ఒక్కటీ నోట్లోనే పెట్టుకున్నాను. లంకలో పుట్టి, లంకలో మెట్టి, ఏటిని నమ్మేను.

మూడు నెలలు ఏడ్చేను. మీ ఫోను వస్తే విజయదుర్గకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. సమాధి చూపించమంటారని బొమ్మ కాల్ పాడైందన్నాను, పాడవలేదు. సమాధుల పండగ దగ్గరికొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, తాపీమేస్త్రిని పిలిచి మా తోట నడుమ ఒక సమాధి కట్టించేను. అదే కొలత, అదే శిలువ, అదే పేరు. తోటలో సమాధి ఏమిటమ్మా, రేపు అమ్ముదామంటే ఎవడు కొంటాడని నాగసతీష్ అడ్డొచ్చేడు. నేను పోయేక అమ్ముకో, నన్ను కూడా కలిపి అన్నాను. సున్నం వేసి, పన్నెండు కొవ్వొత్తులు పెట్టి, ఫొటో తీయించి పంపేను. చెట్లు దగ్గరగా ఉన్నాయన్నారే, అందుకే. ఆ సిమెంటు కింద మా కొబ్బరిచెట్ల వేళ్ళు తప్ప ఇంకేమీ లేదు. ఊరంతా తెలిసి నాకోసం నోరు మూసుకుంది. ఆఖరికి బుచ్చమ్మ కూడా. పాస్టరు గారు మాత్రం, ఆవిడ అడిగితే నేను అబద్ధం చెప్పనమ్మా, మీరే చెప్పండి అని ప్రతి ఆదివారం నా మొహం చూస్తారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా మామగారి తండ్రిగారు మీ వాళ్ళకి స్థలం రాసిచ్చేరని జన్మంతా గొప్పలు చెప్పుకున్నాను. ఇచ్చింది ఎక్కడ? ఏటి అంచున, పంట పండని ఇసుకదిబ్బ. నడిమి భూమి మేం ఉంచుకున్నాం. మా తోటలో కాయలు మోసి మోసి పోయిన మీ అత్తగారికి చివరికి మేమిచ్చిన చోటు అదీ. ఏరు కోసుకుంటూ వస్తే ముందు ఎవరి దగ్గరికి వస్తుందో, ఆనాడు మావాళ్ళకి తెలియకపోలేదు. అంచు మీది, నడుమ మాది. ఇన్నేళ్ళు ఆ తోటలో తిరిగీ ఈ సంగతి నాకు తోచలేదు. ఆ రోజు రాఘవులు నన్ను లాక్కొచ్చి మా చెట్ల కింద కూలేస్తే, కాళ్ళ కింద గట్టినేల తగిలింది. అప్పుడు తోచింది.

మా ఆయన పోయినప్పుడు అస్థికలు గోదాట్లో మేమే కలిపేం, మీరు నా చెయ్యి పట్టుకుని రేవులో నిలబడ్డారు. మాకు అది పుణ్యం. మీకు అది కాదని నాకు తెలుసు. లేచే రోజు వస్తుందనీ, ఆయన పక్కన మీరుండాలనీ మీ నమ్మకం. ఆ పక్కచోటు కూడా పోయింది వదినగారూ. మాస్టారు ఎక్కడికీ పోరు, మీరు వెళ్ళండి అని నేనే మిమ్మల్ని పంపించేను. ఎక్కడున్నా మీరు ఉన్నారు. మాస్టారే వెళ్ళిపోయేరు.

నన్ను తిట్టండి. ఇక ఉత్తరం రాయకపోయినా నాకు న్యాయమే. టిక్కెట్టు కొనకముందే ఇది చేరాలని రేపు పొద్దున్నే నేనే గన్నవరం వెళ్ళి, ఎక్కువ స్టాంపులు వేయించి పంపుతాను. ఇది చదివేక కూడా రావాలనిపిస్తే రండి. రేవు దగ్గర నేనే ఉంటాను. పైన రాసిన బురదా, పైకప్పూ అన్నీ కొట్టెయ్యండి.

గాలి సమాధి సంగతి మీరు రాయకపోయుంటే ఈ కాగితం నిండేది కాదు. ఏమీ లేనిచోట కూర్చున్నట్టు నాకనిపించలేదన్నారు కదా. ఆ ఒక్క మాట పట్టుకుని ఇదంతా రాసేను.

కుండలో సున్నం నానబెట్టేను వదినగారూ. ఎక్కడ వెయ్యమంటారో మీరే చెప్పండి.